మలుపు దగ్గర రెండుసార్లు

చిలకలగూడలో మా వదిన వాళ్ల గల్లీ మలుపు రాగానే నేను బండి ఇంజన్ ఆపేస్తాను. దిగి, హ్యాండిల్ పట్టుకుని, అక్కడి నుంచి ఇంటి దాకా తోసుకుంటూ పోతాను. గల్లీ అంతా ఎత్తు. బండి పాతకాలపుది, ఒళ్లంతా ఇనుమే. నా మోకాళ్లూ పాతకాలపువే. మూల మీద ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు నన్ను చూసి నవ్వుతారు. "ఏం సార్, మల్ల మొరాయించిందా?" అని అడుగుతారు. నేను అవునని తలూపి ముందుకు పోతాను.

నిజానికి బండికి ఏ రోగమూ లేదు. ఒక్క కిక్కుకు స్టార్టవుతుంది. దాన్ని బాగుచేసిన రాంగోపాల్‌పేట్ మెకానిక్ చెవిన ఈ సంగతి ఎవరో వేశారు. ఆయన నా మీద మండిపడ్డాడు. "మీరు గిట్ల తోస్కుంట తిరిగితే నా షాపుకు ఎవడొస్తడు సార్? నా ఇజ్జత్ తీస్తున్రు" అన్నాడు. ఆయన మాట న్యాయమే. కానీ నా ఇజ్జత్ అంతకు ముందే, అదే గల్లీలో, ఒక సాయంత్రం పోయింది. అది ఆయనకు ఎలా చెప్పను?

ఆ బండి మా అన్నది. జపాన్ కంపెనీది, నూరు సీసీ, పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగి వెనక నీలంగా పొగ వదిలే రకం. ఇప్పుడు అలాంటివి చేయడం లేదు. అన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. నాకన్నా చాలా పెద్దవాడు. నాన్న తొందరగా పోవడంతో మా ఇంట్లో తండ్రైనా అన్నైనా ఆయనే. నా కాలేజీ రోజులన్నీ ఆ బండి వెనక సీటు మీదే గడిచాయి. ముందు సీటు మీద కూర్చోవాలని ఎంత ఆశగా ఉండేదో నాకే తెలుసు. ఒకసారి అడిగితే, "నీకు జెర తొందరెక్కువ, ఇంకొన్ని దినాలు ఆగు" అన్నాడు. ఆ కొన్ని దినాలు ఆయన బతికుండగా రాలేదు.

అంత మంచి బండికి ఒక చిన్న జబ్బు ఉండేది. ఎక్సలేటర్ వదిలేస్తే ఇంజన్ ఆగిపోయేది. ఇంటి గేటు ముందేమో మోరీ కాలువ మీద నిటారు ర్యాంపు. గేటు కోసం అక్కడ ఆగితే బండి బందయ్యేది, బందైతే ఇక ఎక్కేది కాదు. అందుకని అన్న గల్లీ మలుపు దగ్గరే ఎక్సలేటర్ తిప్పి రెండుసార్లు గట్టిగా రేజ్ చేసేవాడు. ఆ చప్పుడు వినగానే వదిన ఏ పనిలో ఉన్నా లేచి వచ్చి గేటు తెరిచేది. ఆ గేటు రెక్క ఒకటి కుంగిపోయి కింద బండకు తగిలేది. దాన్ని రెండు చేతులతో పైకెత్తి, బండ దాటిందో లేదో తల వంచి చూసుకుంటూ, వెనక్కి లాగేది. అన్న ఆగకుండా సర్రున లోపలికి దూసుకుపోయేవాడు, వెనక సీటు మీద నేను. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోని రోజులు ఆ ఇంట్లోనూ ఉండేవి. ఆ రోజుల్లో కూడా మలుపు దగ్గర చప్పుడు, ఇక్కడ గేటు, రెండూ జరిగిపోయేవి.

జబ్బు బాగుచేయించుకోమని వర్క్‌షాపు స్నేహితులు ఎందరో చెప్పారు. "నడుస్తుంది గదా, నడవనీ" అనేవాడు అన్న.

అన్న పోయాక బండిని మెట్ల కింద పెట్టి పాత దుప్పటి కప్పారు. దాని మీద బియ్యం సంచీలు, విరిగిన స్టూలు చేరాయి. కొన్నేళ్లకు వదినే పిలిచి చెప్పింది. "తీస్కపో. ఎలుకలు సీటు కొరుకుతున్నయ్. అందరికన్నా నీకే దాని మీద పాణం ఉండె." ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని కాప్రాలో మా ఇంటికి తెచ్చుకున్నాను. దారి పొడుగునా దాని ట్యాంకు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. సంతోషంగానే ఉన్నాను, అబద్ధమెందుకు.

మెకానిక్ మాటకారి. "జపానోళ్ల ఇంజన్ సార్, ఇది సావదు, పండుకుంటది అంతే. లేపుదాం" అన్నాడు. పిస్టన్ బిగుసుకుపోతే ఆయిలు పోసి రోజుల తరబడి నానబెట్టాడు. సిలిండర్ బోరు వేయించాడు. ట్యాంకులో తుప్పు పోవడానికి గుప్పెడు నట్లు వేసి, కల్లు ముంతలా అటూ ఇటూ ఊపాడు. అసలు రంగు ఏదో తెలియక నేను దిగాలు పడితే, ట్యాంకు మీది బిళ్ల ఊడదీసి దాని కింద ఎండ తగలని ముదురు ఎరుపును చూపించాడు. ఆదివారం వస్తే చాలు, నేను అక్కడే. వెనక లైటు అద్దం కోసం రాణిగంజ్ విడిభాగాల దుకాణాలన్నీ తిరిగాను. మా ఆవిడ "అత్తగారింటికి ఇన్నిసార్లు పోలేదు నువ్వు" అని దెప్పింది.

సైలెన్సర్ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. కొత్తది వేద్దామన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. పాతదాన్నే కాల్చి, మసి దులిపి వేయించాను. అప్పటికీ చప్పుడు నాకు నచ్చలేదు. అన్న బండి చప్పుడు ఇది కాదు, ఇంకొంచెం మందంగా ఉండేది, చివర్లో చిన్న జీర ఉండేది అని, కళ్లు మూసుకుని విని మరీ వంకలు పెట్టాను. మెకానిక్ స్పానర్ కింద పడేశాడు. "సార్, మీరు మోటర్ సైకిల్ చేపిస్తున్రా, హార్మోనియం చేపిస్తున్రా?" అన్నాడు. చివరికి ఒక ఆదివారం అది అచ్చం అన్న బండిలా పలికింది. నా ఒళ్లు జలదరించింది.

ఆగిపోయే జబ్బును మాత్రం ఆయన నన్ను అడగకుండానే నయం చేసేశాడు. "ఇగ సిగ్నల్ల ఎంతసేపైనా నిలవెట్టుండ్రి, బంద్ గాదు" అన్నాడు. క్లాక్ టవర్ దగ్గర ఎర్రలైటు పడినప్పుడు పరీక్షించాను. ఎక్సలేటర్ పూర్తిగా వదిలేసినా బుద్ధిగా, పిల్లి గురక పెట్టినట్టు నడుస్తూనే ఉంది. పక్క కారులో నా ఈడు పెద్దమనిషి అద్దం దించి, "ఏం మెయింటైన్ చేసిన్రు సార్!" అన్నాడు. నాలుగు అంగుళాలు ఎత్తు పెరిగాననుకున్నాను. ఆ రోజుల్లోనే అన్నలా చొక్కా చేతులు మోచేతి పైకి మడవడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఎగాదిగా చూసి, "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది" అంది. నవ్వేశాను. వినవలసిన మాట అది.

వదినకు చెప్పకుండా వెళ్లి ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఫోను చేయలేదు. సాయంత్రం బయలుదేరాను. అన్న డ్యూటీ దిగి వచ్చే వేళ అదేనని అప్పుడు నాకు తట్టలేదు. తట్టలేదనే ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటున్నాను. గల్లీ మలుపు వచ్చింది. చెయ్యి దానంతట అదే తిరిగింది. రెండుసార్లు, గట్టిగా.

ఆ రెండుసార్లూ బండికి అవసరం లేదు. ర్యాంపు ముందు ఎంతసేపైనా నిలబడగల బండి అది. అవసరమంతా నాదే.

నేను ఇంటి ముందుకు వచ్చేసరికి గేటు తెరుచుకుంటోంది. వదిన కొంగు నడుముకు చెక్కి, సబ్బు నురగ చేతులతో రెక్కను పైకెత్తి లాగుతోంది. ఎప్పటిలాగే తల వంచి కింద బండ వైపు చూస్తోంది. తలెత్తకుండానే అంది.

"ఇయ్యాల జెల్ది వచ్చినవ్."

తర్వాత తలెత్తింది.

ఆమె మొహం ఎలా అయిందో రాయలేను, రాయకూడదు కూడా. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది, గబుక్కున ఇంజన్ ఆపేశాను. ఎదురింటి పెద్దమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా చూసింది. ఆమె మంచిదే, నన్ను మెచ్చుకుందామనే అనుకుంది. "అచ్చం మీ అన్న వచ్చినట్టే ఉంది బిడ్డా!" అని అరిచింది. వదిన చేతులు చీరకు తుడుచుకుంది. పరాయివాళ్లు చూసినా ఫర్వాలేదు గానీ తెలిసినవాళ్లు చూడకూడని చోట ఆమెను నిలబెట్టాను. అయినా ఆమె నా పక్షానే మాట్లాడింది. "ఆ బండి గుణమే గంత పెద్దమ్మా, రేజ్ చెయ్యకుంటే బంద్ అయితది. మా మరిదేం జేస్తడు?" అని, నా వైపు తిరిగి, "రా, చాయ్ పెడ్త" అంది.

నేను "అవునవును" అన్నాను. అదీ నా ఘనకార్యం. బండికి లేని జబ్బును అడ్డం పెట్టి ఆమె నన్ను కాపాడుతుంటే, కాదనడానికి నోరు రాలేదు.

చాయ్ రావడానికి చాలాసేపు పట్టింది. తెచ్చాక "మంచిగ చేపిచ్చినవ్" అంది. నేను పిస్టన్ గురించి, బోరు గురించి, అడగని సంగతులన్నీ చెప్పాను. ఆమె మధ్యలో లేచి, "పైన మోటర్ ఏసి మర్శిపోయిన" అని మిద్దె మీదికి పోయింది. మోటరు చప్పుడు ఎక్కడా లేదు. ఆమె దిగి వచ్చేదాకా కూర్చుని, వస్తానని చెప్పి, బండిని మలుపు దాకా తోసుకుంటూ పోయి, అక్కడ స్టార్ట్ చేసుకున్నాను. తోయడం అలా మొదలైంది.

తర్వాత కొన్నాళ్లు ఆ ఇంటి వైపు పోలేదు. పోయినప్పుడు మా ఆవిడ స్కూటర్ మీద పోయాను. వదిన స్కూటర్ని చూసి, "బండేది? అమ్ముకున్నవా?" అని అడిగింది. ఆ గొంతులో భయం వినిపించి, మరుసటి వారం నుంచి మళ్లీ బండే తీశాను. చప్పుడు ఆమె చెవిన పడకూడదు. అంతకన్నా ముఖ్యం, గేటు ముందు అది ఆగకుండా నడవడం ఆమె చూడకూడదు. చూస్తే ఆనాటి రెండుసార్లు ఎందుకో తెలిసిపోతుంది. సిగ్గును దాచుకోవడానికి కొత్త సిగ్గు. కాబట్టే తోస్తున్నాను, నవ్వేవాళ్లను నవ్వనిస్తున్నాను.

మొన్న ఆదివారం చెమటలు కక్కుతూ గేటు దగ్గరికి చేరేసరికి వదిన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఖరాబైందా?"

"లేదు వదినా."

"మరెందుకు తోస్తున్నవ్? గల్లీలంత మీ అన్న బండి డొక్కుదైందని నవ్వుతున్రు. ఆయన ఉన్నన్ని దినాలు దాన్ని ఎవల ముందట సుత తొయ్యలే."

నేను జేబురుమాలు తీసి చెమట తుడుచుకున్నాను.

"నాకు తెల్వదనుకున్నవా? ఆనాడు నేను పరేషాన్ అయిన్నని తోస్తున్నవ్. ఎన్ని దినాలు తోస్తవ్? పో, మలుపు కాడికి పొయ్యి, స్టార్ట్ చేస్కొని రా. ఈపారి నువ్వని తెలిసే గేటు తీస్త."

వద్దనలేకపోయాను. వెనక్కి పోయి కిక్కు కొట్టాను. ఇస్త్రీ బల్ల దగ్గరివాళ్లు చప్పట్లు కొట్టారు. మలుపు దగ్గర చెయ్యి కదలకుండా బిగబట్టుకుని, నెమ్మదిగా ఎత్తు ఎక్కాను. వదిన గేటు తెరుస్తోంది. ఈసారి కింద బండ వైపు చూడటం లేదు. మాట ప్రకారం నా మొహం వైపే చూస్తోంది. అలా చూస్తుంటే రెక్క సరిగ్గా లేవలేదు. బండకు తగులుకుని సగంలో ఆగిపోయింది. నేను బ్రేకు వేయక తప్పలేదు. ర్యాంపు ముందు బండి నిలబడింది.

ఇంజన్ నడుస్తూనే ఉంది.

వదిన రెక్క వదలకుండానే విన్నది. కాసేపు విన్నది.

"బంద్ గాలేదేం?"

"మెకానిక్ సరిజేసిండు వదినా."

"ఎప్పుడు?"

"షురూలనే."

ఆమె తల పంకించింది. ఇంకేం అడగదేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"మరి ఆనాడు రెండుసార్లు ఎందుకు చేసినవ్?"

దాచడానికి ఇంకేం మిగల్లేదు. "అన్న లెక్క రావాలనుకున్న వదినా" అన్నాను. ఈ వయసులో, గల్లీ మధ్యలో, నా గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

ఆమె కోప్పడలేదు. బండి ట్యాంకు వైపు చూస్తూ చెప్పింది. "కొన్న కొత్తల ఈ బండి బంద్ గాకపోతుండె. మస్తు మంచిగుండె. ఆయన అప్పుడు సుత మలుపు కాడ రెండుసార్లు చేస్తుండె."

అన్నేళ్లు వెనక సీటు మీద కూర్చుని కూడా నాకు ఆ సంగతి తెలియదు. అది బండి కోసమే అనుకున్నాను. అది వదిన కోసం. నేను ఎత్తుకుపోయింది బండి అలవాటును కాదు, ఆమెను పిలిచే పిలుపును.

"బంద్ జెయ్యి ఇగ, పెట్రోల్ దండుగ" అంది వదిన. "దిగి ఈ రెక్క పట్టు. నా ఒక్కదానితోని అయితలేదు."

ఇంజన్ ఆపి, స్టాండు వేసి, గేటు పట్టుకున్నాను. ఆమె ఒకవైపు, నేను ఒకవైపు ఎత్తాం. ఆ రెక్కను నేను ఎత్తడం అదే మొదటిసారి. అంత బరువుంటుందని ఎన్నడూ అనుకోలేదు.