పత్తికొండ దగ్గర మా సలోమి పత్తి చేను

"అక్కా, పత్తి విచ్చింది. ఆదివారం చర్చిలో కోత పండుగ. నువ్వు రావాల్సిందే" అని మా చెల్లెలు సలోమి ఫోన్ చేసింది. ఏడాదిన్నరగా ఆ చేను గురించి దాని ఏడుపూ పట్టుదలా రెండూ ఫోన్లోనే విన్నాను. కుట్టు మిషన్‌కు గుడ్డ కప్పి, శనివారం తెల్లవారగానే కడపలో కర్నూలు బస్సెక్కాను.

మైదుకూరు దాటి ఆళ్లగడ్డలో అహోబిలం వెళ్లేవాళ్లు దిగాక కిటికీ పక్క సీటు దొరికింది. నంద్యాల మీదుగా కర్నూలు చేరి, బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని తిని, పత్తికొండ బస్సు పట్టుకున్నాను. సుమారు రెండు గంటల దారి. అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు.

"యాడికక్కా?" అన్నాడు ఆటో అతను. సలోమి ఇంటికన్నాను.

"వేరుశనగ తర్వాత పత్తి ఏసినామె కదా? శానా బాగుండాది చేను. మా నాయన కూడా అట్లే ఏస్తానంటాండాడు."

"నేను దాని అక్కను" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

సలోమి చేనులోనే ఉంది, ఒడి నిండా పత్తితో. మూడేళ్లు వాళ్లు పత్తి మీద పత్తే వేశారు. యూరియా పోసినకొద్దీ చెట్లు ఏపుగా పెరిగాయి, పూత రాలిపోయింది, పురుగు పట్టింది. నేల మళ్లీ బలం పుంజుకుంటుందని నిరుడు సలోమి పట్టుబట్టి వేరుశనగ వేయించింది. అంతో ఇంతో డబ్బులొచ్చే పత్తిని కాదందని అత్త శాంతమ్మ చాలా నెలలు దానితో మాట్లాడలేదు. ఈసారి పత్తికి యూరియా సగానికి తగ్గించి, నేలలో తడి పదునున్నప్పుడే కొంచెం కొంచెంగా వేశారు.

"నడుమ వాన లేనప్పుడు ఈయన చెట్టు ఏపుగా పోకుండా ఎదుగుదల ఆపే మందు తెచ్చినాడక్కా" అంది సలోమి, భర్త యోహానును చూపిస్తూ. "నేలెండి చెట్టే ఎదగకుండా నిలబడిపోయినాది, ఇంకా ఆపేదేముండాది అని అడ్డం పడినా."

యోహాను నవ్వాడు. "వాన పడినాక ఒక్కసారే కొట్టినా వదినా. అంతకుమించి అవసరం పడల్యా."

నడుము దాకా చెట్లు, కొమ్మకొమ్మకూ తెల్లగా విచ్చిన కాయలు.

మరునాడు చర్చిలో మొదటి పత్తి గంపను శాంతమ్మే నెత్తిన పెట్టుకుని వచ్చింది. "ఎవరి పంటమ్మా ఇది?" అని పాస్టరుగారు అడిగారు.

"నా కోడలు పండించినాది అయ్యగారూ" అంది, చర్చంతా వినేట్టు. సలోమి కొంగుతో కళ్లొత్తుకుంది. నేనూ అంతే.

తిరుగు బస్సులో దారి పొడవునా పత్తి చేలనే చూస్తూ వచ్చాను. ఎండిన నేలనూ, అలిగిన అత్తనూ ఓపికగా గెలుచుకున్న మనిషి నా చెల్లెలు. మీరూ ఆ వైపు పత్తి తీసే రోజుల్లో వెళ్తే శనివారానికల్లా చేరండి. ఆదివారం పొద్దున చేలల్లో మనుషులు కనపడరు, ఊరంతా చర్చిలోనే ఉంటుంది.