సంవత్సరం రాయని పలక

కోరెల్లా ప్లెయిన్స్‌లో స్థాపన దినం నాడు ఆండాళ్ చోటు ఎప్పుడూ టీ బల్ల వెనకే. గోధుమ మైదానాల నడుమ ఉన్న ఆ చిన్న ఊరికి ఒక ఆచారం ఉంది. అక్కడ స్థిరపడిన కుటుంబాలు తాము వచ్చిన సంవత్సరం రాసిన పలకలు పట్టుకుని, పాతవాళ్ళు ముందు, కొత్తవాళ్ళు వెనక, వీధిలో ఊరేగుతాయి. ఆ కుటుంబాల ముసలివాళ్ళకు వృద్ధాశ్రమంలో స్నానాలు చేయించి, ముద్ద తినిపించేది ఆండాళే. జనగామ నుంచి చదువుకు ఈ దేశం వచ్చి, తోటివాళ్ళంతా స్కోఫీల్డ్స్ లాంటి పెద్ద నగరాల శివార్లకు వెళ్ళిపోయినా, భర్త శ్రీకర్‌తో ఇక్కడే పాతుకుపోయింది. మూతపడబోయిన ఊరి బడి ఇలాంటి వలస కుటుంబాల పిల్లల వల్లే నిలిచింది. అయినా వరసలో వాళ్ళకు చోటు లేదు. "నీ సమోసాలు లేకపోతే పండగే కాదు" అనేవారు ఊరివాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఈ ఏడు కమిటీ పెద్ద కాలిన్ స్వయంగా ఇంటికి పలక తెచ్చాడు. దాని మీద 2012 అని ఉంది. శ్రీకర్ మురిసిపోయాడు.

"చివర్లో నడుస్తాం, సంతోషం. అందరికన్నా ముందు ఎవరు?" అని అడిగింది ఆండాళ్.

"1868లో వచ్చినవాళ్ళు."

"మరి ఆంటీ రూబీ?"

టీ బల్ల వెనక ఏటా ఆండాళ్ పక్కన కప్పులు కడిగే పెద్దావిడ రూబీ. ఈ నేల అసలు ప్రజల బిడ్డ. ఆమె పూర్వీకులను వాగు ఒడ్డు నుంచి తరిమేశాకే ఇక్కడ గోధుమ మొలిచింది. పిలిస్తే నడుస్తానని ఆమె ఎన్నోసార్లు అంది. ఎవరూ పిలవలేదు.

కాలిన్ ఇబ్బందిగా కదిలాడు. "ఆవిడ పలక మీద ఏ సంవత్సరం రాయమంటావు?"

"ఏమీ రాయొద్దు. ఆమె లేకపోతే నేనూ నడవను."

"కమిటీ ఒప్పుకోకపోతే నీ చోటూ పోతుంది, ఆండాళ్."

"పోతే టీ పోస్తా. అలవాటేగా."

అతను వెళ్ళగానే శ్రీకర్ గొణిగాడు. "ఇన్నేండ్లకు పిలిస్తే గిట్ల జేస్తివేంది? కౌన్సిల్ ఫొటోల పడేటోళ్ళం."

"మీ చెల్లె పెండ్లిల మేనత్తను రెండో బంతిల కూసోబెడితే ఎంత లొల్లయింది? యాదికి లేదా? గిది గంతకన్నా చిన్నదా?"



కమిటీ వాదులాడుకుంది. ఇద్దరు సభ్యులు అలిగి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఒప్పుకున్నారు.

కబురు వినగానే రూబీ తన మోకాళ్ళు తడుముకుంది. "నేను నెమ్మదిగా నడుస్తాను. 1868 వాళ్ళు నా వెనక ఓపిక పట్టాలి మరి."

పట్టారు. ఊరంతా ఆమె అడుగుల వేగంతోనే నడిచింది. ముందు టోపీల పైన ఖాళీ పలక కదులుతుంటే, వరస చివర్లో పట్టుచీరలో ఆండాళ్ తలెత్తి నడిచింది.

మీ ఊరి కౌన్సిల్ కూడా ఇలాంటి రోజేదో జరుపుతుంది. పిలిచారని సంబరపడే ముందు, మొదటి వరసలో ఎవరున్నారో అడగండి. ఆ నేల అసలు ప్రజల పెద్దలు లేకపోతే, వాళ్ళకేం కావాలో వాళ్ళనే కనుక్కుని, ఈ వారమే కౌన్సిల్‌కు రాయండి. మీ పేరుతోనే రాయండి.