మెడ మీద మిరప టిక్కీ

మా అక్క రిసెప్షన్ వీడియో మీరు చూడలేదు కాబట్టి ఇంత ధైర్యంగా మీతో మాట్లాడుతున్నాను. చూసినవాళ్ళు అద్దంకి బజారులో నేను ఎదురైతే చాలు, ఇప్పటికీ జేబులోంచి రుమాలు తీస్తారు. ఒక ఎలక్ట్రిక్ గిటారు, దాని మరలు తిప్పే అలెన్ కీ, ఒక మిరప టిక్కీ, అంటే ఎండుమిరపకాయల బస్తా. వీటిని ఎక్కడివక్కడ ఉంచితే ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. మూడింటినీ కలిపిన మహానుభావుణ్ణి నేను. పెళ్ళికూతుర్ని స్టేజీ మెట్ల దగ్గర ఆపేసి, రెండు వైపుల చుట్టాల చేతా కన్నీళ్ళు పెట్టించిన ఘనత కూడా నాదే.

మాది అద్దంకి పక్కన పల్లెటూరు. మిరప, పత్తి తప్ప మా నాన్న ఇంకో మాట మాట్లాడడు. నాకు గిటారు కొనిచ్చింది మా ప్రసన్నక్క. గుంటూరులో ఉద్యోగంలో చేరి, మొదటి జీతం చేతికి రాగానే చేసిన మొదటి పని అది. ఎర్రగా నిగనిగలాడుతున్న ఆ గిటారుని నాన్న అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందిరా ఇది? దీంతో ఏం చేస్తారు?"

"వాయిస్తారు నాన్నా."

"అది తెలుస్తానే ఉంది. ఎవరు వింటారు?"

ఆ ప్రశ్నకి జవాబు అక్క పెళ్ళి కుదిరాక దొరికింది. "రిసెప్షన్‌లో నేను స్టేజీ ఎక్కేటప్పుడు డీజే పాటలు వద్దురా. మన పాట వాయించు" అంది.

మన పాట అంటే చెప్పాలి. చిన్నప్పుడు చేలోంచి పత్తి వేసుకొస్తుంటే ట్రాక్టరు ట్రక్కులో, ఆ పత్తి మీద మేమిద్దరం వెల్లకిలా పడుకుని వచ్చేవాళ్ళం. అప్పుడు మాకు మేమే కట్టుకున్న వరస అది. మాటలు లేవు, అంతా లలలాలే. ట్రాక్టరు కాలవ కట్ట ఎక్కేచోట వరస కూడా ఒక్కసారిగా పైకి వెళుతుంది. అక్కడ ఇద్దరం గొంతు చించుకునేవాళ్ళం. మా ఇద్దరికీ, బహుశా ఆ ట్రాక్టరు డ్రైవరుకీ తప్ప లోకంలో ఆ పాట ఎవరికీ తెలియదు. దానికోసం అక్క డీజేని వద్దనేసింది. "మా తమ్ముడు వాయిస్తాడు" అని ఒంగోలులో అత్తగారి వాళ్ళకి కూడా చెప్పేసింది. నేను సరిగా వాయించకపోతే పోయేది నా పరువు కాదు, అక్క మాట.

సరిగ్గా ఆ కాలవ కట్ట నోటు దగ్గరే నా గిటారు మొరాయించింది. మిగతావన్నీ హాయిగా పలికేవి. ఆ ఒక్క చోట మాత్రం తలుపు గడియ వేసినట్టు టక్కుమని ఆగిపోయేది.

మైకు సెట్లు అద్దెకిచ్చే మా శీనుగాడు విని పెదవి విరిచాడు. "ఒరేయ్, ఆ నోటు చచ్చిపోయిందిరా."

"చావడమేందిరా?"

"తీగ పక్క ఫ్రెట్టుకి, అదే ఆ మెడ మీది ఇనప మెట్టుకి, తగులుతోంది. మోగడానికి చోటు లేదు దానికి. గుంటూరు తీసుకుపోయి చూపించు."

"ఇంతోటి దానికి గుంటూరా? నేను చూసుకుంటాలే."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. గిటారు కొత్తలో వేళ్ళు నొప్పెడుతున్నాయని నేను ఒక తెలివైన పని చేశాను. తీగలు కూర్చునే చోట చిన్న చిన్న మరలుంటే వాటిని తిప్పి, తీగల్ని వీలైనంత కిందకి దించేశాను. నొప్పి పోయింది. ఆ సంగతి శీనుకి చెప్పలేదు. అసలు నాకే గుర్తు లేదు. మీరు మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. నేను అంతకంటే పెద్దవాణ్ణి కాబట్టి మద్దెలని బాగుచేయడానికే కూర్చున్నాను. ఫోనులో ఒక వీడియో పెట్టాను. గిటారు మెడ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుందని, దాన్ని బిగిస్తే మెడ వంపు తగ్గుతుందని ఒకాయన చెబుతున్నాడు. "అయితే జాగ్రత్త" అని ఆయన అనబోతుండగానే విషయం అర్థమైపోయిందని ఫోను పక్కన పెట్టేశాను. ఒక కన్ను మూసి మెడ వెంట చూశాను. మధ్యలో కొద్దిగా పల్లం కనిపించింది. గిటారు మెడకి ఆ మాత్రం పల్లం ఉండాలట. నాకది కుంగిపోయిన నులక మంచంలా కనిపించింది.

మా ఇంట్లో కుంగినదానికి ఒకటే వైద్యం, బిగించడం. అలెన్ కీ పట్టుకుని వసారాలో కూర్చున్నాను. నాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం చేస్తన్నావురా?"

"మెడ కుంగింది నాన్నా. బిగిస్తన్నా."

"మంచం బిగించినట్టా?"

"అచ్చం అట్లాగే."

"అట్లాగయితే ఇంకో రెండు చుట్లు ఎక్కువే బిగించు. మంచమైనా అంతే, వాడేకొద్దీ జారుద్ది."

పెద్దల మాట చద్దిమూట. ఇంకా బిగించాను. కీ తిరగనంటే పళ్ళు బిగించి తిప్పాను. లోపల్నుంచి కిర్రుమని ఒక మూలుగు వినిపించింది. అది లొంగిపోతున్న చప్పుడనుకుని సంతోషించాను.

తీగ మీటి చూస్తే ఏముంది, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంతకుముందు పోయింది ఒక్క నోటు. ఇప్పుడు ఆ వీధి వీధంతా ఖాళీ అయింది. మెడ మధ్యలో పొట్ట పైకి ఉబ్బి, తీగలన్నీ ఫ్రెట్ల మీద పడుకున్నాయి. వెనక్కి తిప్పుదామంటే కీ పట్టడం లేదు. నా బలానికి లోపలి గుంట కాస్తా అరిగిపోయింది. రిసెప్షన్ చూస్తే రేపు సాయంత్రమే. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

నాన్నకి జాలేసినట్టుంది. "తలుపు చెక్క పొట్ట ఉబ్బితే ఏం చేస్తాం రా?" అన్నాడు.

"ఏం చేస్తాం?"

"అటో ఇటుక, ఇటో ఇటుక పెట్టి, నడుమ బరువు పెడతాం."

"ఇది తలుపు కాదు నాన్నా."

"చెక్కేగా?"

నిజమే, చెక్కే. పైగా బరువు కోసం వెతుక్కోనక్కర్లేదు. వసారా నిండా మిరప టిక్కీలే. ఏసీకి తోలడానికి కట్టి ఉంచిన బస్తాలు. మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటాం. ఇంట్లో మనుషులకి ఫ్యానే గతి, కాయలకి మాత్రం ఏసీ.

నిండు టిక్కీ పెడితే గిటారు మెడ విరుగుతుందని తెలియనంత మూర్ఖుణ్ణి కాదు. అందుకని ఒకదాని మూతి విప్పి, కాయలు సగానికి తగ్గించాను. ఇటుకలకి గీసుకుపోకుండా గిటారు సంచిని జిప్పు తీసి వాటి మీద మెత్తగా పరిచాను. దాని మీద గిటారు, గిటారు మెడ మీద మూతి సరిగా కట్టని టిక్కీ. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం విన్నారు కదా, గిటారు మీద మిరప టిక్కీ మాత్రం మా ఇంట్లోనే చూస్తారు. టిక్కీ కదిలినప్పుడల్లా కారపు దుమ్ము, గింజలు సన్నగా రాలి ఆ తెరిచిన సంచిలోకి దిగుతున్నాయి. పుట్టినప్పట్నుంచి ఆ ఘాటులో పెరిగినవాణ్ణి, నాకేం తెలుస్తుంది.

మర్నాడు తీసి చూస్తే మెడ నిజంగానే దిగింది. పోయిన నోట్లన్నీ తిరిగొచ్చాయి, ఆ కాలవ కట్ట నోటు తప్ప. నేను మాత్రం యుద్ధం గెలిచినట్టు పొంగిపోయాను. "ఆ ఒక్కచోట నువ్వు గట్టిగా చప్పట్లు కొట్టరా, ఎవరికీ తెలీదు" అని శీనుతో ఒప్పందం చేసుకుని గిటారుని సంచిలో వేసుకున్నాను.

అద్దంకిలో కల్యాణ మండపం కిటకిటలాడుతోంది. ఉక్కకి జనం విసురుకుంటున్నారు. స్టేజీ మీద ఒక మూల నాకు కుర్చీ, నా వెనక పెళ్ళిళ్ళలో పెట్టే పెద్ద ఫ్యాను. ముందు వరసలో ఒంగోలువాళ్ళు. మధ్య కుర్చీలో బావ వాళ్ళ నాయనమ్మగారు. ఆవిడ ఊ అంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని అప్పటికే విన్నాం.

సంచిలోంచి గిటారు తీశాను. సంచికి దుమ్ము పట్టింది. పెళ్ళివారి ముందు బాగుండదని, శుభ్రత తెలిసినవాడిలా ఫ్యాను ముందు నిలబడి దాన్ని రెండు చేతులా దులిపాను.

దులిపి, కూర్చుని, మొదలుపెట్టాను. అక్క, బావ మెట్ల దగ్గరికి వచ్చారు. మన పాట వినగానే అక్క మొహం వెలిగిపోయింది. కుడికాలు పైకెత్తింది. ముందు వరసలో ఎవరో తుమ్మారు.

"ఆగమ్మాయ్" అన్నారు నాయనమ్మగారు. "ఒంటి తుమ్ము పడింది. మంచినీళ్ళు తాగి ఎక్కండి."

నీళ్ళు తెచ్చారు. ఇద్దరూ తాగారు. నేను పాట మళ్ళీ మొదటికి తీసుకొచ్చాను. అక్క కాలెత్తింది. ఇంకో తుమ్ము.

"రెండోది కూడా పడిందిగా నాయనమ్మా. జంట తుమ్ము మంచిదేగా" అన్నాడు బావ ఆశగా.

"మధ్యలో నీళ్ళు తాగారు కదరా. అది వేరు, ఇది వేరు. మళ్ళీ తాగండి."

మళ్ళీ తాగారు. ఈసారి మూడు తుమ్ములు ఒకేసారి పడ్డాయి. నాయనమ్మగారు ఇది ఏ లెక్కలోకి వస్తుందో తేల్చుకునేలోపే వరస వరసంతా అందుకుంది. కొంగులు, కండువాలు ముక్కుల మీదకి వెళ్ళాయి. ఎవరో పెద్దాయన కళ్ళు తుడుచుకుంటుంటే, కదిలిపోయి ఏడుస్తున్నాడనుకుని కెమెరావాడు పరుగున వెళ్ళి ఆయన మొహం దగ్గరగా తీశాడు. రెండో వరసలో మా పెదనాన్న గాలి పీల్చి, "తేజ రకం కాయ. బాగా ఎండింది" అని పక్కవాళ్ళకి చెప్పాడు.

నేను మాత్రం వాయిస్తూనే ఉన్నాను. కాలవ కట్ట నోటు వచ్చిన ప్రతిసారీ నా గిటారు టక్కుమనడం, ఆ ఖాళీలో హాల్లో ఎవరో ఒకరు తుమ్మడం. చప్పట్లు కొట్టాల్సిన శీను చొక్కా ఎత్తి మొహానికి కప్పుకున్నాడు. చెమట తుడుచుకుందామని నేను చెయ్యి కళ్ళ మీద పెట్టుకున్నాను. ఆ చేత్తో పొద్దున్నించీ ఏం ముట్టుకున్నానో గుర్తొచ్చేసరికి లోకం కనబడటం మానేసింది.

చీకట్లోంచి అక్క గొంతు వినిపించింది. "ఒరేయ్ చిన్నోడా, ఆ సంచి ఇప్పుడు దులిపావా?"

"దులిపానక్కా."

"అందులో ఏం పెట్టావు?"

"అందులో ఏం పెట్టలా. దాని పైన గిటారు, గిటారు పైన మిరపకాయలు పెట్టా."

మైకు నా ముందే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. హాలంతా విన్నది. తుమ్ములు కూడా ఒక్క క్షణం ఆగాయి. మా నాన్న వెనక వరసలోంచి లేచి నిలబడి, ఎవరో కాయని మెచ్చుకున్నట్టు వినయంగా, "మా చేలో కాయేనండీ" అన్నాడు.

అప్పుడే నాయనమ్మగారు తుమ్మారు. మామూలు తుమ్ము కాదు, చేతిలో గ్లాసు జారిపడింది. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారని శీను తర్వాత చెప్పాడు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆ వంశానికి ఇకమీదట శాస్త్రంగా మిగిలిపోయే మాట ఒకటి అన్నారు.

"కారానికి వచ్చే తుమ్ముకి శకునం లేదు. ఎక్కండి."

అక్క ఎక్కడం నాకు కనబడలేదు, పట్టీల చప్పుడు వినబడింది. వేళ్ళకి తెలిసిన దారినే వాయించాను. కాలవ కట్ట దగ్గరికి వచ్చాను. టక్. ఈసారి ఎవరూ తుమ్మలేదు. ఆ ఖాళీలో, మెట్ల మీదనుంచి, అక్క గొంతు ఎత్తి ఆ ఒక్క స్వరం పాడింది. పత్తి మీద పడుకుని పాడినట్టే, సిగ్గూ ఎగ్గూ లేకుండా. నా కళ్ళలో నీళ్ళు ఎటూ ఉన్నాయి కాబట్టి, వాటిలో ఎన్ని కారానివో ఎన్ని అక్కవో ఎవరూ అడగలేదు.

పెళ్ళి సందడి అయ్యాక శీను గిటారుని ఒళ్ళో పెట్టుకుని చూశాడు. "ఒరేయ్, ఈ తీగల్ని ఇంత కిందకి దించిన వెధవ ఎవడ్రా?" అని చిన్న మరని కాస్త తిప్పాడు. కాలవ కట్ట నోటు గుడిగంటలా మోగింది. ఆ వెధవ ఎవరో మీకు ముందే తెలుసు. నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఒంగోలులో మాత్రం నా పేరు నిలిచిపోయింది. వీడియో చూసినవాళ్ళంతా, "పెళ్ళికూతురి తమ్ముడు వాయిస్తుంటే కన్నీళ్ళు పెట్టనివాళ్ళు లేరు" అంటారట. కాయలు కోతకొచ్చిన ప్రతిసారీ నాయనమ్మగారు కబురు పెడతారు. "ఆ కాయ కాసిని పంపించండి, పచ్చడికి బాగుంటుంది. అబ్బాయిని పంపించకండి."

కాబట్టి, అలెన్ కీ సాక్షిగా, అరిగిపోయిన దాని గుంట సాక్షిగా, సగం ఖాళీ చేసిన ఆ టిక్కీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మంచాన్ని మంచంలాగే బిగిస్తాను, తలుపుని తలుపులాగే సరిచేస్తాను, మిరపకాయల్ని ఏసీలోనే పెడతాను. మెడ అనే భాగం ఉన్న ఏ వాయిద్యం జోలికీ మరమ్మతు పేరుతో జన్మలో వెళ్ళను. మొన్న మా మేనకోడలు కీబోర్డు కొనిపెట్టమంది. దానికి మెడ లేదని శీను చేత రెండుసార్లు చెప్పించుకున్నాకే సరే అన్నాను.