లోపల ఎవలన్న ఉన్నరా?

శ్రీరాంపూర్‌లో ఉండే మా పెద్దబాపు బొగ్గుబాయిలో మందు పేల్చే పని చేసి రిటైరయ్యాడు. పేల్చే ముందు ప్రతిసారీ "లోపల ఎవలన్న ఉన్నరా?" అని కేకేసేవాడట. బాయి మానేసినా ఆ మాట ఆయన్ని వదల్లేదు. గదికి తాళం వేస్తున్నా అదే అడిగేవాడు.

ఒకసారి ఆయన ట్యాబ్‌లో స్టోరేజ్ నిండిపోయి కొత్త ఫోటోలు దిగడం ఆగిపోయింది. అక్కర్లేని యాప్‌లు తీసేద్దామని నేను కూర్చున్నాను. ఒక్కోదాని మీద వేలు పెట్టగానే పక్కనుంచి అదే ప్రశ్న.

"యాప్‌ల మనుషులెట్లుంటరు పెద్దబాపూ?" అని నవ్వుతూ ఎనిమిది తీసేశాను. తొమ్మిదోది వాయిస్ రికార్డర్. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఊకె అడిగితె సరిపోదు బిడ్డా. తెరిచి సూడాలె."

కాదనలేక తెరిచాను. అందులో ఒకటే రికార్డింగ్ ఉంది. నొక్కితే, రెండేళ్ల కింద చనిపోయిన మా పెద్దమ్మ గొంతు.

"గిది షురూ అయిందా? దీంట్ల ఏం మాట్లాడాలె? నువ్వైతె జర చాయ్ తాగు, సల్లారుతంది."

పెద్దబాపు ఏమాత్రం తొణకలేదు. బాయిలో తోటివాళ్లకు చెప్పినట్టే నెమ్మదిగా చెప్పాడు.

"ఆపు బిడ్డా. మనిషున్నది."

అంతకుముందు తీసేసిన ఎనిమిదింటిలో ఒక్కదాన్నీ నేను తెరిచి చూడలేదు.