ఖుద్దూస్ భాయ్ లోపాల రిజిస్టరు

ఖుద్దూస్ భాయ్‌కి లోకంలో ఏదీ ఒకపట్టాన నచ్చదు. లోపం కనిపెట్టి, రిజిస్టరులో రాసి, సరిదిద్దించి, పక్కన సంతకం పెట్టిస్తే గాని ఆయనకు అన్నం సయించదు.

గల్ఫ్ దేశంలో, హవల్లీ అనే ఊళ్లోని ఒక కాలేజీలో ఆయన గుమాస్తా, నేను ల్యాబ్ అసిస్టెంటును. ఇద్దరిదీ రాయచోటే. డిగ్రీలకు గుర్తింపు ఇచ్చే కమిటీ సెప్టెంబరులో తనిఖీకి రావాలి. ఆ పేరు చెప్పి ఆయన అందరినీ వేపుకు తిన్నాడు. ప్రిన్సిపాల్ గడియారం మూడు నిమిషాలు వెనకబడిందని రాశాడు. నా పెళ్లి ఫొటో చూపిస్తే, వెనకాల తేదీ లేదని తిప్పి ఇచ్చేశాడు.

1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం ఆ దేశం మీదికి వచ్చింది. కాలేజీకి తాళం పడింది. మేం గదుల్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, మర్నాడే ఆయన చంకలో రిజిస్టరుతో తలుపు తట్టాడు.

"సంతకం పెట్టు భీమరాజూ. సిబ్బంది యాడున్నారని కమిటీ అడిగితే నేనేం జెప్పాల?"

"ఇంగ కమిటీ యాడిది భాయ్? దేశమే పాయ."

"దేశం సంగతి మన రిజిస్టరులో లేదు. పెట్టు."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రోజూ వచ్చేవాడు. సంతకం తీసుకుని, వంటగదిలోకి తొంగిచూసి, ఏదో రాసుకుని పోయేవాడు. చెక్‌పోస్టులో సైనికుడు రిజిస్టరు లాక్కుంటే, సందర్శకుల పేజీ తీసి అతనిచేత కూడా సంతకం చేయించుకొచ్చాడట.

కాలేజీ ఊడ్చే సిద్ధమ్మకు చక్కెర జబ్బు. ఇన్సులిన్ రెండు రోజులకే మిగిలింది. అది లేకపోతే మనిషి దక్కదు. హవల్లీలో తెరిచి ఉన్న మందుల షాపు ఒక్కటీ దొరకలేదు. మూడోరోజు ఆమెకు ముఖం ఎలా చూపించాలా అనుకుంటూ వెళ్లాను. ఆమె చేతిలో నెలకు సరిపడా మందుంది.

"ఖుద్దూసన్న తెచ్చినాడు," అంది. "సంతకం పెట్టించుకోని మరీ ఇచ్చినాడు."

ఆ సాయంత్రం ఆయన మా గదిలో మంచినీళ్లు తాగుతుంటే రిజిస్టరు తీసి చూశాను.

'సిద్ధమ్మ. లోపం: ఇన్సులిన్ లేదు. ఊరవతల సబా అల్ సలేం దాకా నడిచి తెచ్చి సరిదిద్దడమైనది.'

'భీమరాజు. లోపం: బియ్యం ఒక్కపూటకే. సరిదిద్దడమైనది.'

మొన్న మా గుమ్మం ముందు బియ్యం సంచి పెట్టిన పుణ్యాత్ముడెవరో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఈయన్ని ఆడిపోసుకున్నందుకు సిగ్గేసింది. ఆయన పేరు పక్కన మాత్రం ఖాళీ. కలం తీసి రాశాను: 'లోపం: చాదస్తం. సరిదిద్దవద్దు.' కింద సంతకం పెట్టాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత రిజిస్టరు నావైపు తోశాడు.

"తేదీ ఎయ్యలేదే," అన్నాడు.