కాగితం లేని యుద్ధం

నాకు ముక్కు మీద కోపం. మూసాపేటలో మా అమ్మ మొదలు, రాయదుర్గంలో మా ఆఫీసు క్యాంటీన్ అన్న దాకా అందరూ ఒప్పుకునే సంగతే. ఆ కోపంలో ఎంతమందిని ఎన్ని మాటలన్నానో, అన్నీ మర్చిపోయాను. విశ్వేశ్వరరావు సారును అన్నవి మాత్రం నన్ను వదలడం లేదు.

సారు కాకినాడ సర్కారు బడిలో ముప్పై రెండేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య కనకలక్ష్మి గారితో కలిసి కొండాపూర్‌లో కూతురి ఫ్లాటుకు వచ్చి ఉంటున్నారు. అరవై నాలుగేళ్ళ మనిషి, జేబులో రెండు పెన్నులు, చేతిలో మూడు గిన్నెల క్యారియరుతో మా ఎనిమిదో అంతస్తులో అడుగుపెడితే, ఎవరి నాన్నో దారి తప్పి వచ్చాడనుకున్నాం. "కొత్తగా చేరింది నేనేనండి" అన్నారు.

మా పని ఏమిటంటే చెప్పడానికే వింతగా ఉంటుంది. దేశాలు ఒకదాని మీద ఒకటి యుద్ధం ప్రకటించిన పాత కాగితాలను ఓ విదేశీ సంస్థ మాకు పంపేది. టెలిగ్రాములు, రాయబారులు చేతికిచ్చిన ఉత్తరాలు, రేడియోలో చదివిన ప్రసంగాలు. ఒక్కో కాగితానికి కంప్యూటర్లో ఒక వరస. వరసకు నాలుగు గడులు: ఎవరు, ఎవరి మీద, ఏ రోజు, ఏ కాగితం. అవి సరిగ్గా ఉన్నాయో లేవో చూడటం నా పని. నాకు అన్ని కాగితాలూ ఒకటే. సారుకు అలా కాదు.

"1907లో హేగ్ నగరంలో కూర్చుని రాసుకున్నారమ్మా, ముందు చెప్పకుండా యుద్ధం మొదలుపెట్టకూడదని. ఏడేళ్ళు తిరక్కుండా ఆస్ట్రియా వాళ్ళు సెర్బియాకు టెలిగ్రాం కొట్టి మరీ ప్రకటించారు. చంపడానికి వెళ్తూ కూడా ఒక మాట చెప్పేవారు చూశావా!" అనేవారు. జపాను కబురు అమెరికా చేతికి బాంబులు పడ్డాకే అందిందని చదివిన రోజు ఆయన క్యారియరు విప్పలేదు.

వచ్చిన నెలలోనే రెండు నియమాలు పెట్టారు. కాగితం లేని యుద్ధానికి వరస ఉండకూడదు. వరస ముగించే ముందు ఒకరు నిలబడి ఆ కాగితాన్ని పైకి చదవాలి, ఇంకొకరు గడులు సరిచూడాలి. "ప్రకటన అంటే నలుగురికీ వినబడాలి. గొణుక్కుంటే అది ప్రకటన కాదు" అన్నారు. మొదట్లో నవ్వుకున్నాం. తప్పులు తగ్గాక నోరు మూసుకున్నాం.

టీ తాగేటప్పుడు మాత్రం ఆయనది ఒకటే ప్రశ్న. "ఈమధ్య జరిగిన యుద్ధాల కాగితాలు ఇంకా రాలేదా లావణ్యా?"

"రావు సార్. ఇప్పుడు ఎవ్వరు చెప్తలేరు, సీదా కొట్టుడే" అనేదాన్ని, పెద్ద తెలిసినదానిలా.

ఎందుకు అడుగుతున్నారో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్పేస్తాను. సారు కొడుకు దినేష్ సరుకుల ఓడలో, ఇంజను గదిలో పనిచేసేవాడు. ఇరవై ఆరేళ్ళు. రెండు దేశాలు కొట్టుకుంటున్న సముద్రం మీదుగా ఓడ పోతుంటే క్షిపణి వచ్చి తగిలింది. మనిషి దొరకలేదు. మేం కాదంటే మేం కాదన్నాయి రెండు దేశాలూ. అసలు అక్కడ యుద్ధమే లేదన్నాయి. యుద్ధం లేకపోతే నా బిడ్డ ఎలా పోతాడని కనకలక్ష్మి గారు పట్టుబట్టి కూర్చున్నారు. ఎవరో ఒకరు ఒప్పుకున్న కాగితం చూపిస్తే తప్ప పంతులుగారిని పిలిచి కర్మ చెయ్యనివ్వనన్నారు. ఏడాది దాటింది. ఆ కాగితం ఎప్పటికైనా ఇక్కడికే వస్తుందని సారు ఈ ఉద్యోగంలో చేరారు.

మొత్తం పని అప్పజెప్పాల్సిన శుక్రవారం వచ్చింది. సాయంత్రం నాలుగింటికి పంపెయ్యాలి. కాగితాలు ఆరువందల పన్నెండు, వరసలు ఆరువందల పదమూడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెతగ్గా వెతగ్గా చిట్టచివర దొరికింది. ఎవరు: ఖాళీ. ఎవరి మీద: దినేష్. ఏ రోజు: పోయిన ఏడాది మార్చి పదకొండు. ఏ కాగితం: ఖాళీ.

"ఎవరు పెట్టిండ్రు ఇది?" అని అరిచాను.

సారు లేచి నిలబడ్డారు. "నేనేనమ్మా."

పకపకా నవ్వాను. "ఏంది సార్ గిది! దినేష్ అనే దేశం ఏడుంది? మ్యాపుల నేనెన్నడు చూడలే!"

హాలంతా నవ్వింది. సారు కూడా నవ్వబోయారు, నవ్వు రాలేదు.

"రూలు మీదే గద సార్. నిలబడ్డరు గద, చదువుండ్రి. కాగితం ఏది?"

అలవాటు కొద్దీ కళ్ళజోడు పెట్టుకున్నారు. రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నారు. చేతుల్లో ఏమీ లేదు. "కాగితం లేదమ్మా" అన్నారు.

"లేకుంటే తీసెయ్యాలె గద?"

"తియ్యాలి. నువ్వే తియ్యమ్మా. నా చేత్తో వద్దు."

తీసేశాను. లెక్క సరిపోయింది. హమ్మయ్య అన్నాను. దేవుడా, హమ్మయ్య అని పైకే అన్నాను!

సారు క్యారియరు మర్చిపోయి వెళ్ళిపోతుంటే, పట్టుకుని లిఫ్టు దాకా పరిగెత్తాను. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, తప్పులు అందరు చేస్తరు" అన్నాను ఇంకా నవ్వుతూనే. ఆయన క్యారియరు అందుకోలేదు.

"దినేష్ మా అబ్బాయమ్మా" అన్నారు.

పైన చెప్పిందంతా అక్కడ, లిఫ్టు ముందు నిలబడి చెప్పారు. మూడుసార్లు లిఫ్టు వచ్చి వెళ్ళింది. నాలుక తెగ్గోసుకోవాలనిపించింది. ఏడుస్తూ, "మల్ల పెడత సార్, ఇంక అర్ధగంట ఉంది" అన్నాను.

"వద్దు. మొదటి గడిలో ఎవరి పేరు రాస్తావు? పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అందుకే ఇప్పుడు దేశాలు పెదవి దాటనివ్వడం లేదు. ఇంటికెళ్తే ఆవిడ రోజూ అడుగుతుంది, వచ్చిందా అని. ఇవాళ్టితో పని కూడా అయిపోయింది. ఇంకేం చెప్పను?" నా వైపు తిరిగి, "నువ్వూ రా అమ్మా. ఒకరు చదివితే ఒకరు సరిచూడాలి కదా" అన్నారు.

పని పంపేసి ఆటోలో కొండాపూర్ వెళ్ళాం. తలుపు తీసిన కనకలక్ష్మి గారు నన్ను చూడనైనా చూడలేదు. "వచ్చిందాండీ?" అన్నారు.

సారు హాల్లో నిలబడి కళ్ళజోడు పెట్టుకున్నారు. ఖాళీ చేతులు పైకెత్తారు. బడిలో చదివినట్టే, పక్క ఫ్లాటుకు వినబడేలా చదివారు.

"ఎవరు? తెలియదు. ఎవరి మీద? దినేష్ మీద. ఏ రోజు? పోయిన ఏడాది మార్చి పదకొండు. ఏ కాగితం? లేదు. ఇక రాదు."

ఆమె ఆయన చేతులకేసి చూసి, నా వైపు తిరిగారు. సరిచూడాల్సింది నేను.

"సరిగ్గనే ఉన్నదమ్మా" అన్నాను.

ఆమె నా చేతిలోని క్యారియరు తీసుకుని, మూత విప్పి చూశారు. పొద్దున పెట్టిన అన్నం అలాగే ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడి, ఏడాది నుంచి దాచుకున్న ఏడుపు ఏడ్చారు. సారు పక్కనే కూర్చున్నారు. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని ఆమె అన్నారు:

"పంతులుగారికి కబురు పెట్టండి."