నలభై తొమ్మిది కిలోల మా కిషన్

నిన్న పొద్దున జనగామలో షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. కిషన్ వాళ్ళ అక్క.

"అన్నా, తమ్ముడు లేస్తలేడట. పక్క సీటాయన ఫోన్ జేసిండు, ట్రైన్ల ఎంత లేపినా లేస్తలేడట."

రాత్రి ఫైట్ ఆడాడు కదమ్మా, అలసిపోయి పడుకుని ఉంటాడు, ఇంకాస్త గట్టిగా లేపమను అన్నాను.

అవతల ఏడుపు మొదలైంది. అప్పుడు అర్థమైంది నాకు.

మహబూబాబాద్ స్టేషన్‌లో దింపేసరికే ప్రాణం లేదు.

హైదరాబాద్‌లో ఆరు రౌండ్లు నిలబడి ఆడి, పాయింట్ల మీద ఓడి, తన బ్యాగ్ తనే మోసుకుని తెల్లవారుజామున ట్రైన్ ఎక్కిన మనిషి. కిటికీకి తల ఆనించి పడుకున్నాడట. పక్కనున్న వాళ్ళు కూడా నిద్రే అనుకున్నారు.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. ఇవాళ షాపు తెరవలేదు. ఇది రాస్తూ కూర్చున్నాను.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా. కిషన్ బాక్సర్. గంగారం దగ్గర తండా వాడు. మహబూబాబాద్ హాస్టల్‌లో చదువుకుంటూ పీఈటీ సార్ దగ్గర గ్లౌజులు తొడిగాడు. జిల్లా టీమ్‌లో నాకు పరిచయం. నాకంటే చిన్నవాడు, నాకంటే రెండు వెయిట్ కేటగిరీలు తక్కువ, నాకంటే వంద రెట్లు మంచి బాక్సర్.

నేను నాలుగు దెబ్బలు తిని బుద్ధి తెచ్చుకుని నాన్న హోల్‌సేల్ షాపులో కూర్చున్నాను. వాడు ఆపలేదు.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఒక రూల్ ఉంది. ఫైట్ ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే తూకం. ఇవాళ గెలిస్తే రేపు మళ్ళీ మెషిన్ ఎక్కాలి. గ్లాసెడు నీళ్ళు ఎక్కువైనా ఇంటికే.

భూపాలపల్లి టోర్నమెంట్ గుర్తొస్తోంది. మండే ఎండాకాలం. బరువు దించడానికి రెయిన్‌కోట్ వేసుకుని, దాని మీద దుప్పటి కప్పుకుని గ్రౌండ్ చుట్టూ పరుగెత్తాడు. సెమీస్ గెలిచాడు. మేమంతా బగారన్నం, మాంసం కూర మీద పడ్డాం. రేపటి తూకం కోసం వాడు మాత్రం ఉత్త చేతులతో నా ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు తిను. తినుకుంట నాకు చెప్పు. కారం మంచిగున్నదా? ముక్క ఉడికిందా?"

నేను చెబుతుంటే కళ్ళు మూసుకుని తలూపాడు. అందరం పడీ పడీ నవ్వాం. వాడూ నవ్వాడు.

మర్నాడు ఫైనల్ గెలిచాడు. తర్వాత స్టేట్ మెడల్, నేషనల్స్ కూడా ఆడాడు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మాత్రం రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయి ప్రొఫెషనల్‌కి వెళ్ళాడు.

అక్కడ రూల్ వేరు. తూకం ముందు రోజే, ఒక్కసారే. అది అయ్యాక ఎంతైనా తినొచ్చు, ఎన్నైనా నీళ్ళు తాగొచ్చు. ఫైట్ రోజు ఎవరూ అడగరు. అందరూ అదే చేస్తారు.

వాడి మొదటి ప్రో ఫైట్‌కి నేనూ వెళ్ళాను. తూకం కాగానే అవతలి బాక్సర్ బిర్యానీ పొట్లం విప్పాడు. మావాడు బాటిల్ అందుకుని పెదాలు తడుపుకున్నాడు. మూత పెట్టి నాకు ఇచ్చేశాడు.

"ఇగ తాగరా, రేపు తూకం లేదు" అన్నాను.

"ఎరికే అన్నా. గని గొంతు దిగుతలేదు. పొద్దుగాల బరువు ఎక్కువొస్తదని ఒకటే భయమైతది."

తిట్టాను. బతిమాలాను. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను. రెండు ముద్దలు తిని చాలన్నాడు. చిన్నప్పటి నుంచీ పట్టిన అలవాటు, రూల్ మారిందని తెలిసినా వాడిని వదల్లేదు.

అయినా ఆ ఫైట్ గెలిచాడు. అదే కొంప ముంచింది.

ఇంక ఎవరు చివరి నిమిషంలో తప్పుకున్నా ఆర్గనైజర్ల ఫోన్ కిషన్‌కే. వీడైతే ఎలాగోలా బరువు దించుకుని వచ్చేస్తాడని ధీమా. మామూలుగా యాభై నాలుగు కిలోలుండే మనిషిని నలభై తొమ్మిదికి రమ్మనడం!

ఈ ఒక్కటి ఆడు, తర్వాత టైటిల్ ఫైట్ నీదే అనేవాళ్ళు. ఎన్నిసార్లు అన్నారో. ఒక్కసారి టైటిల్‌కి ఆడాలి, గెలిచినా ఓడినా ఆ తర్వాత మానేస్తా అనేవాడు వీడు.

పై వెయిట్‌కి వెళ్ళరా అని మొత్తుకున్నాను.

"ఆడ నన్ను ఎవ్వలు గుర్తువడ్తరన్నా? మళ్ల మొదటికెల్లి మొదలువెట్టాలె."

ఈసారి కూడా అంతే. తూకం అయ్యాక వాళ్ళక్క ఫోన్ చేసి తిన్నావా అని అడిగితే, "ఆడినంక తింట" అన్నాడట.

ఫైట్ అయ్యాక తల పగిలిపోతోందన్నాడట. ఒక గోలీ చేతిలో పెట్టి పంపేశారు. కళ్ళలోకి టార్చి వేసి చూసినవాడు ఒక్కడు లేడు. చప్పట్లు కొట్టిన వాళ్ళలో స్టేషన్ దాకా వచ్చినవాడూ లేడు. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

మెదడులో రక్తస్రావం అయిందని నిన్న ఆస్పత్రిలో డాక్టర్ చెప్పారు. ఒంట్లో నీళ్ళు లేనప్పుడు తలకు తగిలే దెబ్బ మరీ ప్రమాదమని కూడా చెప్పారు. ఎవరికి చెప్పుకోవాలి ఆ మాట ఇప్పుడు?

సాయంత్రం తండాకి తీసుకెళ్ళాం. వాళ్ళమ్మని వాడు వాళ్ళ భాషలో యాడీ అని పిలిచేవాడు. ఆమె ఏడవలేదు. చివరిసారి నోట్లో నీళ్ళు పోయమని చెంబు చేతికిచ్చారు.

ఆమె పోసింది. మళ్ళీ పోసింది. నీళ్ళు చెంపల మీదుగా జారి చాప తడిసిపోతున్నా ఆపలేదు. ఒక పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఉండున్రి. తాగనియ్యున్రి. ఆట అయిపోయింది గద" అంది నాకేసి చూస్తూ.

నేను అక్కడ నిలబడలేకపోయాను.

కిషన్ తమ్మీ, ఇంక ఏ మెషినూ ఎక్కే పని లేదు. కడుపు నిండా తిను, హాయిగా పడుకో. నీకు శాంతి కలగాలి రా.